స్టేటస్ కోసం ఎగరాలా? డాలస్ – దోహా – హైదరాబాద్ దారిలో నా లెక్క

డాలస్ చుట్టుపక్కల ఉంటూ ఏడాదికోసారి హైదరాబాద్ వెళ్లొచ్చే మనవాళ్లు ఈమధ్య ఎయిర్‌లైన్ స్టేటస్ (తమతో ఎక్కువ ఎగిరి, ఎక్కువ ఖర్చుపెట్టేవాళ్లకి ఎయిర్‌లైన్ ఇచ్చే గోల్డ్, ప్లాటినం లాంటి హోదా) గురించి తెగ అడుగుతున్నారు. ప్లాటినం ఉంటే నిజంగా ఏమొస్తుంది, ఎంత తిరిగితే వస్తుంది, ఇండియా ట్రిప్పులు చాలవా అని. నేను కొన్నేళ్లుగా అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల లాయల్టీ ప్రోగ్రామ్ ఆడ్వాంటేజ్‌లో ప్లాటినం నిలబెట్టుకుంటూ వస్తున్నాను కాబట్టి నా అనుభవం మీద నాకు తోచింది రాస్తున్నా. ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. ఇండియా ప్రయాణాలకి పనికొచ్చేది ప్లాటినమే, అమెరికన్‌తోపాటు ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, కాథే కూడా ఉన్న వన్‌వరల్డ్ అనే ఎయిర్‌లైన్ల కూటమి భాషలో దాన్ని సఫైర్ అంటారు. దాని కింద ఉన్న గోల్డ్ ఇండియా దారిలో పెద్దగా అక్కరకు రాదు. పైన ఉన్న ప్లాటినం ప్రో, ఎగ్జిక్యూటివ్ ప్లాటినం ఆఫీసు ఖర్చు మీద వారం వారం ఎగిరేవాళ్లకి వాటంతట అవే వస్తాయి, సొంత డబ్బు పోసి తెచ్చుకోవాల్సినంత తేడా నాకైతే కనబడలేదు.

ఇక్కడ ఒక లెక్క అర్థం చేసుకోవాలి. 2022 నుంచి ఆడ్వాంటేజ్‌లో స్టేటస్ మొత్తం లాయల్టీ పాయింట్ల మీదే నడుస్తోంది. గోల్డ్‌కి 40,000, ప్లాటినంకి 75,000, ప్లాటినం ప్రోకి 1,25,000, ఎగ్జిక్యూటివ్ ప్లాటినంకి 2,00,000. ఏడాది లెక్క జనవరిలో కాదు, మార్చి 1న మొదలై ఫిబ్రవరి ఆఖరుకి ముగుస్తుంది. వచ్చిన స్టేటస్ ఆ పై ఏడాది మార్చి 31 దాకా ఉంటుంది. అంటే 2025 మార్చి నుంచి 2026 ఫిబ్రవరి ఆఖరు లోపు ఎప్పుడు తెచ్చుకున్నా 2027 మార్చి ఆఖరు దాకా వాడుకోవచ్చు. అందుకే పెద్ద ప్రయాణాలు, పెద్ద ఖర్చులు ఏమైనా ఉంటే లెక్క మొదలైన కొత్తలోనే పెట్టుకుంటే దాదాపు రెండేళ్లు సుఖపడతారు. అదే ఫిబ్రవరిలో పరుగులు పెట్టి తెచ్చుకుంటే ఏడాది చిల్లర మాత్రమే మిగులుతుంది.

అమెరికన్ విమానాల్లో పాయింట్లు దూరాన్ని బట్టి రావు, టికెట్‌కి పెట్టిన డబ్బును బట్టి వస్తాయి. పన్నులు తీసేయగా అసలు ధర 400 డాలర్లు అనుకోండి, మామూలు మెంబర్‌కి 2,000, గోల్డ్‌కి 2,800, ప్లాటినంకి 3,200. ప్రాజెక్టు పని మీద షార్లెట్‌కో షికాగోకో తరచూ వెళ్లొచ్చే కన్సల్టెంట్లకి ఇది దానంతట అదే పోగవుతుంది. అమెరికన్ వాళ్ల క్రెడిట్ కార్డు మీద పెట్టే ఖర్చుకి డాలర్‌కి ఒక పాయింట్ చొప్పున కలుస్తుంది (కార్డు తీసుకున్నప్పుడిచ్చే వెల్‌కమ్ బోనస్ మాత్రం లాయల్టీ పాయింట్లలోకి రాదు, చాలామంది అది వస్తుందనుకుని లెక్కలేసుకుంటారు). వాళ్ల షాపింగ్ పోర్టల్ ద్వారా కొంటే వచ్చే రివార్డు మైళ్లు కూడా కలుస్తాయి. ఎలాగూ కొనాల్సిన ల్యాప్‌టాప్, పరుపు, పిల్లల బట్టలు అటు నుంచి కొంటే ఏడాది తిరిగేసరికి బాగానే తేలుతుంది, నా ప్లాటినంలో ఆ వాటా తక్కువేం కాదు.

మరి ఇండియా ట్రిప్పు సంగతి? డాలస్ నుంచి దోహా దాదాపు 7,900 మైళ్లు, దోహా నుంచి హైదరాబాద్ మరో 1,800. రానూపోనూ కలిపితే 19,000 దాటుతుంది. వినడానికి భలేగా ఉంటుంది కానీ, ఖతార్ ఎయిర్‌వేస్ నంబర్ మీద కొన్న చౌక ఎకానమీ టికెట్‌కి ఆ దూరంలో కొంత శాతమే పాయింట్లుగా వస్తుంది, ఎంత శాతమన్నది టికెట్ మీద ఉండే బుకింగ్ క్లాస్ అక్షరాన్ని బట్టి ఉంటుంది. సగం వచ్చినా మామూలు మెంబర్‌కి పదివేలు దాటదు. అదే విమానానికి అమెరికన్ వాళ్ల కోడ్‌షేర్ నంబర్ (ఒక ఎయిర్‌లైన్ నడిపే విమానానికి ఇంకో ఎయిర్‌లైన్ తన పేరుమీద టికెట్లు అమ్మే నంబర్) కూడా ఉండొచ్చు, ఆ నంబర్ మీద కొంటే దూరంతో పనిలేకుండా ధర మీద పాయింట్లు వస్తాయి. ఒకే విమానం, పక్కపక్క సీట్లు, పాయింట్లు మాత్రం వేర్వేరు. ధర ఎక్కువున్న ఎండాకాలం సెలవుల టికెట్‌కి ఒక నంబర్ లాభం, ఆఫర్‌లో దొరికిన టికెట్‌కి ఇంకో నంబర్ లాభం. కొనేముందు రెండూ లెక్కేసుకోండి, పది నిమిషాల పని. ఎలా చూసినా ఏడాదికొక్క ఇండియా ట్రిప్పుతో 75,000 రావు, ఎవరైనా వస్తాయని చెప్తే నమ్మొద్దు.

సరే, ఇక ప్రయాణం. ఖతార్ విమానం డాలస్‌లో డి టెర్మినల్ నుంచి బయల్దేరుతుంది. ఎకానమీ టికెట్ ఉన్నా సఫైర్ మెంబర్ బిజినెస్ క్లాస్ కౌంటర్‌కి వెళ్లొచ్చు. అదే టెర్మినల్‌లో అమెరికన్ వాళ్ల ఫ్లాగ్‌షిప్ లాంజ్‌లోకి మనతోపాటు ఒకరిని తీసుకెళ్లొచ్చు. షవర్లున్నాయి, వేడివేడి భోజనం ఉంది, పద్నాలుగు పదిహేను గంటల ప్రయాణానికి ముందు స్నానం చేసి ఎక్కడం నాకు అన్నిటికన్నా నచ్చిన సౌకర్యం. శాకాహారులకి మాత్రం సలాడ్, సూప్, ఒకటో రెండో వేడి ఐటమ్‌లు, అంతే. అమ్మతో వెళ్లినప్పుడు ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా అక్కడే కూర్చుని తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు. ఓక్లహోమా నుంచో ఆస్టిన్ నుంచో ముందురోజు రాత్రే దిగేవాళ్లకి గ్రాండ్ హయత్ హోటల్ అదే డి టెర్మినల్‌లో ఉంది. ధర ఎక్కువ, కానీ పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే లిఫ్ట్ దిగి నేరుగా చెక్-ఇన్‌కి రావడం ఎంత హాయో చెప్పలేను.

దోహాలో చాలామందికి నిరాశ ఎదురవుతుంది, కాబట్టి ముందే తెలుసుకుని వెళ్లండి. ఫోటోల్లో కనిపించే అల్ ముర్జాన్ లాంజ్, ఆ నీటి కొలను, ఆ మెట్లు, అవన్నీ బిజినెస్ క్లాస్ టికెట్ ఉన్నవాళ్లకి. ఎకానమీలో వెళ్లే సఫైర్ మెంబర్‌కి గోల్డ్ లాంజ్ అని వేరే ఉంటుంది. కాసేపు కాళ్లు చాపుకోవడానికి, టీ తాగడానికి, ఫోన్ చార్జింగ్‌కి సరిపోతుంది, అంతకు మించి ఆశించొద్దు. నిజం చెప్పాలంటే హమద్ ఎయిర్‌పోర్ట్‌లో స్టేటస్ లేకపోయినా ఇబ్బంది లేదు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరువేరుగా క్వైట్ రూమ్‌లు ఉన్నాయి, వాలు కుర్చీల్లో నడుం వాల్చొచ్చు, పైసా కట్టక్కర్లేదు. పసుపు రంగు ఎలుగుబంటి బొమ్మ దగ్గర ఫోటోలు అయ్యాక ఆర్చర్డ్ అనే లోపలి తోటలో కూర్చుంటే గంట ఇట్టే గడిచిపోతుంది. ఎనిమిది గంటలకు మించి ఆగాల్సి వస్తే లోపలే ఓరిక్స్ హోటల్ ఉంది, ఇమిగ్రేషన్ దాటక్కర్లేదు. బయటికి వెళ్లే వీలు ఉన్నవాళ్లు (వీసా నిబంధన పాస్‌పోర్ట్‌ని బట్టి ఉంటుంది, బయల్దేరేముందే చూసుకోండి) టాక్సీ వెతుక్కోకుండా మెట్రో ఎక్కేయండి. టికెట్ 2 రియాళ్లు, మ్షీరెబ్‌లో రెడ్ లైన్ నుంచి గోల్డ్ లైన్‌కి మారితే ఒక్క స్టేషన్‌లో సూక్ వాఖిఫ్ బజార్.

తిరుగు ప్రయాణంలో హైదరాబాద్‌లో తెలుస్తుంది స్టేటస్ విలువ. నా టికెట్‌కి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కేజీలు. సఫైర్‌కి అదనంగా మరో పెట్టె ఉచితం. ఆ మూడో పెట్టె మాట అమ్మ చెవిన పడ్డ రోజు నుంచి మా ఇంట్లో జరిగే హడావుడి అంతా ఇంతా కాదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు, అత్తయ్య వాళ్లు పంపిన అరిసెలు. ఆవకాయ సీసాకి మూత చుట్టూ టేపు, దానిమీద పాలిథిన్ కవరు, దానిమీద ఇంకో కవరు, చుట్టూ నాన్న పాత లుంగీ. కొక్కెం త్రాసుకి తగిలించి నాన్న ఎత్తి పట్టుకుంటే అమ్మ అంకెలు చదువుతుంది. ఇరవై మూడు దాటితే ఒక పొడి ప్యాకెట్ బయటికి, తగ్గితే మళ్లీ లోపలికి. శంషాబాద్‌లో ప్రయారిటీ కౌంటర్ దగ్గర అమ్మాయి స్క్రీన్ చూసి "సర్, మీకు మూడోది కూడా వెళ్తుందండీ, ఇంకా ఏమైనా ఉందా?" అని అడిగితే, పక్కనే ఉన్న అమ్మ "ముందే చెప్పుంటే బెల్లం కూడా పెట్టేదాన్ని కదరా" అంది. అంటే నాలుగో పెట్టె అనుకుంది తను. ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, మూడో పెట్టె స్టేటస్ ఉన్న మనిషికే, అదే టికెట్ మీద వెళ్తున్న అమ్మానాన్నలకి ఆ వెసులుబాటు ఉండదు. కరివేపాకు రెమ్మలు ఏ పెట్టెలోనూ పెట్టొద్దు, అమెరికా కస్టమ్స్ వాళ్లు రానివ్వరు. మిగతావి వాళ్లకి దాచకుండా చెప్పేయడమే మంచిది.

పెట్టెలకి కట్టే ప్రయారిటీ ట్యాగ్‌ని మాత్రం నేను పెద్దగా నమ్మను. ఒకసారి ఒక ఎయిర్‌లైన్‌లో ట్యాగ్ ఉన్న నా పెట్టెలు బెల్టు మీద జనమంతా వెళ్లిపోయాక వచ్చాయి. లాంజ్‌లు కూడా అంతే, ఇండియాలో ఒక ఎయిర్‌పోర్ట్‌లో కార్డు లాంజ్ బయట క్యూ చూసి ఇడ్లీ కౌంటర్‌కి వెళ్లి కూర్చున్నాను, అక్కడే ప్రశాంతంగా ఉంది.

స్టేటస్‌కి నేను అసలైన విలువ కట్టేది ఏదైనా తేడా వచ్చినప్పుడు. ఒకసారి ముందు విమానం ఆలస్యమై దోహా వెళ్లే విమానం తప్పింది. గేటు దగ్గర వందమంది పైనే లైన్లో ఉన్నారు, చేతుల్లో పిల్లలు, అందరికీ టెన్షనే. నేను స్టేటస్ మెంబర్లకి ఇచ్చే నంబర్‌కి ఫోన్ చేస్తే కొద్ది నిమిషాల్లోనే మనిషి పలికారు. లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో సీటు ఉందన్నారు, వాళ్లకి హీత్రూ నుంచి హైదరాబాద్‌కి నేరు విమానం ఉంది. లైన్లో ఉన్నవాళ్లకి కౌంటర్ అందేలోపే నాకు కొత్త టికెట్ వచ్చేసింది. ఇలాంటి రోజు ఏడాదికి ఒకటి వచ్చినా చాలు, ఏ లాంజ్ భోజనమూ దీనికి సాటి రాదు.

కానీ లండన్ దారి అందరికీ కుదరదు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉంటే హీత్రూలో లోపల లోపలే మారడానికి వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్ట్‌లో హెచ్1బి ఉద్యోగ వీసా స్టాంప్ గడువు అయిపోయి, ఐ-797 కాగితం (అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే మంజూరు పత్రం) మీద ఉంటూ కొత్త వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వెళ్తున్నవాళ్లు మాత్రం ఆ నిబంధన పూర్తిగా చదువుకోవాలి. ఫోన్లో వాళ్లు "లండన్ మీదుగా పంపిస్తాం" అనగానే సరేననకండి. దోహాలో అయితే ట్రాన్సిట్ దాటకపోతే ఈ గొడవ లేదు. స్టాంపింగ్‌కి వెళ్లేవాళ్లకి నేను కళ్లు మూసుకుని దోహా దారే చెప్తాను.

అమెరికా లోపలి ప్రయాణాలకి వస్తే ప్లాటినంకి మెయిన్ క్యాబిన్ ఎక్స్‌ట్రా (కాళ్లకి ఎక్కువ చోటుండే ఎకానమీ) సీటు బుక్ చేసినప్పుడే ఉచితం, అదే బుకింగ్‌లో ఉన్న ఇంట్లోవాళ్లకి కూడా ఇస్తారు. గోల్డ్‌కి చెక్-ఇన్ సమయంలో మిగిలితేనే. రెండు పెట్టెలు ఉచితం, బోర్డింగ్ మూడో గ్రూపు. ఫస్ట్ క్లాస్ అప్‌గ్రేడ్ ఉందంటారు గానీ డాలస్ అమెరికన్ వాళ్ల సొంతగడ్డ, మనకన్నా పై స్టేటస్ వాళ్లు ప్రతి విమానంలోనూ ఉంటారు, ఆ ఆశ పెట్టుకోకపోవడమే మేలు. ఇంకో మెలిక ఉంది. ఆడ్వాంటేజ్ ప్లాటినం మెంబర్‌కి అమెరికా లోపలి ప్రయాణంలో అడ్మిరల్స్ క్లబ్ లాంజ్‌లోకి ప్రవేశం లేదు. అదే బ్రిటిష్ ఎయిర్‌వేస్ సిల్వర్, కాథే గోల్డ్, ఖతార్ గోల్డ్ ఉన్నవాళ్లు అదే విమానానికి దర్జాగా లోపలికి వెళ్తారు, వాళ్లదీ సఫైరే. యునైటెడ్‌లో, అంటే స్టార్ అలయన్స్ అనే ఇంకో కూటమి వైపు, ఇదే తీరు.

అది చూసి బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి మారిపోదామా అనుకునేవారు ఒకప్పుడు. 2025 ఏప్రిల్ నుంచి వాళ్లూ ఖర్చు మీదకి మారారు, సిల్వర్‌కి 7,500 టియర్ పాయింట్లు, పౌండ్‌కి ఒకటి చొప్పున. ఎకానమీలో తిరిగే కుటుంబానికి అది అందే ద్రాక్ష కాదు. హైదరాబాద్‌లోనే ఉంటూ తూర్పు దేశాలకి ఎక్కువ తిరిగేవాళ్లు మాత్రం హాంకాంగ్ ఎయిర్‌లైన్ కాథే పసిఫిక్ వైపు చూడొచ్చు, 600 స్టేటస్ పాయింట్లకి గోల్డ్, అంటే సఫైర్, పైగా 2025లో హైదరాబాద్‌కి మళ్లీ విమానాలు మొదలుపెట్టారు. హాంకాంగ్‌లో 65వ గేటు దగ్గరున్న పియర్ బిజినెస్ లాంజ్‌లోకి ఎకానమీ టికెట్‌తోనే సఫైర్ వాళ్లని రానిస్తారు. దోహా గోల్డ్ లాంజ్‌కీ దానికీ పోలికే లేదు.

మీ ఆఫీసు ప్రయాణాలు, మామూలు కార్డు ఖర్చు కలిపి ఫిబ్రవరికి అరవై వేలు దాటుతుంటే మిగతాది ప్రయత్నించండి, నేను కూడా అంతే చేస్తాను. ముప్పైవేల దగ్గర ఆగిపోతే ఒట్టి పాయింట్ల కోసం విమానం ఎక్కకండి, ఆ డబ్బుతో మూడో పెట్టెకి రుసుము కట్టేసి, కాస్త కాళ్లు చాపుకునే సీటు కొనుక్కోండి. పెద్దవాళ్లని ఒంటరిగా పంపేటప్పుడు మీ స్టేటస్ వాళ్లకి ఏ రకంగానూ పనికిరాదు, అప్పుడు ఒక్క కనెక్షన్ ఉన్న దారి, మధ్యలో కనీసం మూడు గంటల సమయం, టికెట్‌లోనే నమోదు చేసిన వీల్‌చెయిర్, ఈ మూడూ చూసుకుని బుక్ చేయండి.