లాచా గొర్రెల కోసం ఒర్దిసియా దాకా

లాచా అనే జాతి గొర్రెల్ని చూడాలని స్పెయిన్ ఉత్తరాన ఉన్న బాస్క్ ప్రాంతానికి వెళ్లి, బస మాత్రం సముద్రం పక్కన సాన్ సెబాస్టియన్‌లో తీసుకున్నాం. ఊరు చాలా అందంగా ఉంది, కానీ మన పనికి సరిపడదు. హోటల్లో ఎనిమిదైతే గానీ టిఫిన్ పెట్టరు. ఒక ఏజెన్సీ వాళ్లు పాలు పిండడం చూపిస్తామని డబ్బు తీసుకుని, అంతా కడిగేశాక తీసుకెళ్లారు. గంటలో సగం అమ్మకాల గదిలోనే గడిచింది. నిజంగా బాధేసింది.

మూడో రోజు లోకల్ రైలెక్కి ఒర్దిసియా వెళ్లాం, ముప్పావు గంట ప్రయాణం. ఊరి బయట ఒక రైతు కుటుంబం తమ పాత రాతి ఇంట్లోనే గదులు అద్దెకిస్తుంది. ఇద్దరికీ రాత్రికి 70 యూరోలు తీసుకున్నారు. గది చిన్నది, వైఫై అంతంతమాత్రం, స్టేషన్ నుంచి టాక్సీ దొరకడానికి అరగంట పట్టింది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, ఎందుకంటే గొర్రెల దొడ్డి మా గది కిందే ఉంది.

తెల్లారకముందే ఇంటావిడ పిలిచింది. లాచా అంటే బాస్క్ భాషలో గరుకు అని అర్థం. ఉన్ని పట్టుకుంటే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. పొడుగ్గా, ముతకగా నేల దాకా వేలాడుతుంది, వాన నీళ్లు దాని మీంచి జారిపోతాయి. అక్కడ వానకి లోటు లేదు కాబట్టి ఆ కోటు అవసరమే. వీటిలో నల్లమూతివి, ఎర్రమూతివి అని రెండు రకాలు. ఈ ఇంట్లోవి నల్లమూతివి. చలికాలంలో ఈనుతాయి, వేసవి మొదలయ్యే దాకా పాలిస్తాయి, తర్వాత ఒట్టిపోయి కొండల మీదే మేస్తాయి. ఆగస్టులో వెళ్తే గొర్రెలు కనిపిస్తాయి గానీ పాలు పిండడం కనపడదు. మేం ఏప్రిల్ చివర్లో వెళ్లడం మంచిదైంది.

ఫ్రాన్స్‌లోని లకోన్ జాతి గొర్రె దీనికంటే చాలా ఎక్కువ పాలిస్తుంది. మరి దీన్నే ఎందుకు పెంచుతున్నారు? ఈ ప్రాంతంలో చేసే ఇదియాసబల్ అనే చీజ్‌కి 1987లో పేరు రక్షణ వచ్చింది. లాచా, కర్రన్సానా గొర్రెల పాలతో, అవి కూడా పాశ్చరైజ్ చేయని పాలతో చేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలి. కనీసం రెండు నెలలు మాగబెట్టాలి. ఆ షరతే ఈ గొర్రెని నిలబెట్టిందని నా నమ్మకం. వాన కొండల మీద తిరిగి మేసే జాతికి ఆ మాత్రం అండ ఉండాలి.

రాత్రి భోజనం చివర మామియా పెట్టారు. గొర్రె పాలని తోడు వేయకుండా, రెన్నెట్‌తో గడ్డకట్టిస్తారు. చూడ్డానికి మన జున్నులా ఉంటుంది. పూర్వం చెక్క పాత్రలోని పాలల్లో కాల్చిన రాళ్లు వేసి కాచేవారట, అందుకే కొంచెం మాడు వాసన ఉండాలంటారు. అడుగంటిన పాల కోవా తిన్నవాళ్లకి ఆ వాసన కొత్తేం కాదు. పూర్తి శాకాహారులు మాత్రం ముందే అడగండి. ఈ రెన్నెట్‌ని సంప్రదాయంగా గొర్రెపిల్ల కడుపు నుంచే తీస్తారు. చీజ్‌కీ అంతే.

ఇదియాసబల్ ఊళ్లో చీజ్ గురించి చెప్పే కేంద్రం ఉంది. పిల్లలుంటే వెళ్లొచ్చు, దొడ్డి చూసినవాళ్లకి అక్కడ కొత్తగా తెలిసేది తక్కువ. ఒర్దిసియా బుధవారం సంత మాత్రం వదులుకోకండి. ఆ సంత పెట్టుకునే హక్కు 1512 నాటిది. పెద్ద స్తంభాల మీద నిలిచిన కప్పు కింద కాపర్లే వచ్చి తమ చీజ్ తామే అమ్ముతారు, అడక్కుండానే ముక్క కోసి చేతిలో పెడతారు. ప్రతి గడ్డ మీదా నంబరు ఉన్న ముద్ర చూసి కొనండి. పొగబెట్టినదీ, బెట్టనిదీ రెండూ దొరుకుతాయి. పొగగొట్టం లేని కొండ గుడిసెల్లో దాచిన చీజ్‌కి పొయ్యి పొగ పట్టడంతో ఆ రుచి అలవాటైందని చెబుతారు. నాకు పొగబెట్టనిదే నచ్చింది, పాల రుచి సూటిగా తెలుస్తుంది.

చివరి రోజు చిందోకి కొండ కింద లార్రాయిత్స్ అనే చోటు దాకా వెళ్లాం. బస్సులు తక్కువ, కారుంటే హాయి. అరాలార్ కొండల మేత భూములకి మందలు అప్పుడప్పుడే బయల్దేరుతున్నాయి. పొగమంచులో ముందు మెడగంటలు వినిపించాయి, చాలాసేపటికి గానీ నల్లమూతులు కనపడలేదు.