తానాల గదిలో బొమ్మల పట్టీ: చాన్నాళ్లు వాడినంక

ఆటిజం ఉన్న ఎదిగే పిల్లలకు తానం వరుస చూపించే లామినేషన్ బొమ్మల పట్టీ ఇది. ఎందుకు పెట్టుకోవాలంటే, అమ్మ గొంతు తానాల గదిలోంచి బయటికి పోవడానికి. "సబ్బు పెట్టుకో, కాళ్లు రుద్దుకో" అని రోజూ చెప్తుంటే పిల్లలు ఆ మాట వచ్చేదాక ఆగుతరు. నోటిమాట సాయం మాన్పించుడు అన్నిటికంటే కష్టం. బొమ్మ మాత్రం విసుక్కోదు, మాట మార్చదు. 1972లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆటిజం ఉన్నవాళ్లకు నేర్పడానికి మొదలైన టీచ్ (TEACCH) పద్ధతి కూడా ఇట్లా కంటికి కనబడే వరుస మీదనే నడుస్తది.

ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ సెట్లు కొనకండి. వాటిలో షవరు, తొట్టి ఉంటయి. మన ఇండ్లల్ల బకెట్, మగ్గు. మీ బకెట్, మీ సబ్బు, మీ నల్లా ఫోటోలు తీసి హన్మకొండలో ఏ జిరాక్స్ షాపులోనైనా ప్రింట్ తీయించుకోవచ్చు. వస్తువుల ఫోటోలే వాడండి. పిల్లలు తానం చేస్తున్న ఫోటో తీయొద్దు, షాపువాళ్ల కంప్యూటర్‌కు అసలే పంపొద్దు.

ఎ4 కాగితం మీద 6 సెంటీమీటర్ల కార్డులు 12 వస్తయి. కలర్ జిరాక్సే అడగండి. ఇంక్‌జెట్ రంగు తడికి కారుతది. షాపులో చేసే తప్పు ఒకటుంది: షీటంతా లామినేషన్ చేసి, తర్వాత కత్తిరిస్తరు. అప్పుడు కాగితం అంచు బయటపడి నీళ్లు పీల్చుకుంటది, కార్డు ఉబ్బుతది. ముందే కార్డులు కోసి, 125 మైక్రాన్ల కవర్లో ఎడంగా పేర్చి, చుట్టూ 5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదిలి కోయించాలి. మూలలు గుండ్రంగా ఉంటే చేతికి గుచ్చుకోవు. వెల్క్రో జిగురు టైల్స్ మీద నిలవదు. కార్డులను నైలాన్ దారంతో కిందికి గుచ్చి మేకుకు వేలాడదీసి, బట్టల క్లిప్పును ఒక్కో కార్డు దిగుతూ పోనియ్యండి. ఎక్కడున్నడో పిల్లగానికే తెలుస్తది.

మొదటి కార్డు: తలుపు వేసుకో. వయసొచ్చే పిల్లలకు ఇది సబ్బు కంటే ముఖ్యం. నీళ్లు ఎంత పట్టాలో బకెట్ లోపల రంగు గీత గీయండి. ముందు చల్లనీళ్లు, తర్వాత వేడినీళ్లు. హీటర్ రాడ్డు ఈ వరుసలో రావొద్దు. పెద్దవాళ్లే ప్లగ్గు తీసి, రాడ్డు బయటపెట్టినంకనే పిల్లలు లోపలికి పోవాలె.

నేర్పేటప్పుడు చివరి నుంచి రండి. అన్నీ మీరు చేయించి, తువ్వాల ఆరేసే ఆఖరి పని ఒక్కటి వాళ్లకు వదలండి. అది కుదిరినంక దాని ముందుది. ఏ రోజైనా తానం వాళ్లు పూర్తిచేసినట్టే ముగుస్తది. సాయం వెనుక నిలబడి, మాట్లాడకుండా, మోచేయి కొద్దిగా కదిలించి ఇవ్వండి. అంతకుముందు 10 సెకన్లు ఆగాలి. ఆ ఆగుడే మనతోని కాదు.

పట్టీకి చేతకానిది ఒకటుంది. ఏం చేయాలో చెప్తది గని, ఎంత చేయాలో చెప్పదు. "సబ్బు పెట్టుకో" బొమ్మ చూసి ఒక్కసారి తాకించి ముందుకు పోతరు. అందుకే కార్డు మీద అంకె వేయాలె: చంకకు 5 సార్లు, మెడకు 5 సార్లు. పండ్లు తోముడుకు 2 నిమిషాల ఇసుక గడియారం నయం, మోత ఉండదు. పుదీన పేస్టు మంటకు బ్రష్‌నే వద్దంటే ఘాటు లేని పేస్టు శనగగింజంత వేయండి.

ఆడపిల్లలకు వేరే పట్టీ కావాలె. లోదుస్తు మీద ప్యాడ్ ఆకారం మార్కర్‌తో గీస్తే ఎక్కడ అతికించాలో తెలుస్తది. తడిసినట్టు చాలామందికి తెలియదు. అందుకే మార్చుడును ఇంటర్వెల్‌కు, బడి నుంచి రాగానే, పడుకునే ముందు అని ముడిపెట్టాలి. మగపిల్లల గడ్డానికి రేజర్ కంటే ట్రిమ్మర్ మేలు, కాకపోతే ముందు కొన్ని రోజులు ఆపి ఉన్నదాన్నే చెంపకు తాకించాలి.

నల్లా రాని రోజు లొల్లి మొదలైతది. "ఈ రోజు డ్రమ్ము నీళ్లు" అని ఒక కార్డు ముందే చేసి పెట్టుకోండి. చుట్టాలింటికి పోయేటప్పుడు అక్కడి బకెట్, నల్లా ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకొని ఆ రెండు కార్డులే మార్చండి, వరుస మాత్రం కదిలించొద్దు.