ఫోర్ట్‌నైట్ సమీక్ష: ఆట మంచిదే, ఖాతా తెరిచేటప్పుడే జాగ్రత్త

కన్సోల్ మీద షూటింగ్ గేమ్ ఎన్నడూ ఆడని వారికి మొదటి ఆటగా నేను ఫోర్ట్‌నైట్‌నే సూచిస్తాను. అయితే ఒక షరతు ఉంది: ఖాతా తెరిచేటప్పుడు ఆడేవారి అసలు పుట్టిన తేదీనే ఇవ్వాలి. హన్మకొండలో మా ఇంట్లో ప్లేస్టేషన్ 5 మీద, ఏడో తరగతి చదివే మేనల్లుడితో కలిసి ఆడుతూ ఏర్పరచుకున్న అభిప్రాయమిది.

ఎపిక్ గేమ్స్ సంస్థ 2017లో తెచ్చిన బ్యాటిల్ రాయల్ విధానంలో వంద మంది ఒక దీవిలో దిగుతారు. చుట్టూ తుఫాను వలయం ముడుచుకుపోతూ ఉంటుంది, చివరిదాకా నిలిచినవారు గెలుస్తారు. ఇందులో రక్తం కనిపించదు, ఓడిన ఆటగాడు మాయమైపోతాడు. ఐరోపా రేటింగ్ సంస్థ పెగి దీనికి 12 ఏళ్లు, అమెరికా సంస్థ 13 ఏళ్లు కనీస వయసుగా సూచించాయి. కట్టెలు, రాళ్లు పోగుచేసి క్షణాల్లో గోడలు కట్టే నైపుణ్యం కొత్తవారికి అంత తొందరగా పట్టుబడదు కాబట్టి, గోడలు కట్టే పనే లేకుండా 2022 మార్చిలో వచ్చిన జీరో బిల్డ్ విధానంతోనే మొదలుపెట్టడం మేలు. సెట్టింగ్స్‌లో గురి సున్నితత్వాన్ని తగ్గించుకోవాలి, గురి కుదరడానికి సాయపడే ఎయిమ్ అసిస్ట్ తీసేయకూడదు, పేరున్న ఊళ్లలో కాక దీవి అంచుల్లో దిగాలి. విజువలైజ్ సౌండ్ ఎఫెక్ట్స్ అనే సదుపాయాన్ని తెరిస్తే అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తున్నదో తెర మీదే కనిపిస్తుంది. వినికిడి లోపం ఉన్నవారికి ఇది వరం, ఇంట్లో పెద్దవాళ్లు నిద్రపోయే వేళ టీవీ శబ్దం తగ్గించి ఆడేవారికీ అంతే. "మామా, తుఫాను దగ్గరికొచ్చింది, ఉరుకు" అని పక్కనుంచి పిల్లవాడు తొందరపెడుతుంటే కలిగే ఉత్సాహం మాత్రం ఏ సెట్టింగ్‌లోనూ దొరకదు.

ఇక అసలు విషయం. ఈ ఆటలో నన్ను కలవరపెట్టేవి తుపాకులు కావు, అపరిచితుల గొంతులు. 13 ఏళ్లలోపు వారికి, లేదా ఆయా దేశం అంతకంటే ఎక్కువ వయసు నిర్ణయించి ఉంటే ఆ వయసులోపు వారికి, ఎపిక్ సంస్థ పరిమిత ఖాతా ఇస్తుంది. తల్లిదండ్రులు అనుమతించేదాకా అందులో వాయిస్ చాట్ ఉండదు, డబ్బుతో కొనుగోళ్లు కుదరవు. తొందరగా పని అయిపోవాలని నాన్న పుట్టిన తేదీతో ఖాతా తెరిస్తే ఈ రక్షణ మొత్తం పోతుంది, పన్నెండేళ్ల పిల్లవాడు ఆ యంత్రం దృష్టిలో నలభై ఏళ్ల మనిషి అవుతాడు. అనుమతి ఇచ్చాక కూడా వాయిస్ చాట్‌ను స్నేహితుల వరకే ఉంచి, తల్లిదండ్రుల నియంత్రణకు పెట్టిన పిన్‌ను పిల్లలకు చెప్పకుండా ఉండాలి.

ఇది ఊరికే పడే భయం కాదు. పిల్లల సమాచారం సేకరించిన తీరుపైనా, వాయిస్ చాట్‌ను మొదటినుంచే తెరిచి ఉంచినందుకూ, తికమక పెట్టే బటన్లతో కొనుగోళ్లు చేయించినందుకూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోపిన ఆరోపణలపై 2022 డిసెంబరులో ఎపిక్ సంస్థ మొత్తం 52 కోట్ల డాలర్ల చెల్లింపునకు అంగీకరించింది, అందులో 24.5 కోట్లు వినియోగదారులకు వాపసు ఇవ్వడానికే.

ఆట ఉచితం, ఆన్‌లైన్ ఆటల కోసం కట్టే ప్లేస్టేషన్ ప్లస్ చందా కూడా దీనికి అక్కరలేదు. వీ-బక్స్ అనే ఆటలోని డబ్బుతో కొనే వేషాలు, నృత్యాలు ఆటగాడి బలాన్ని పెంచవు కాబట్టి కొనకపోయినా నష్టం లేదు. ప్లేస్టేషన్ ఫ్యామిలీ మేనేజ్‌మెంట్‌లో పిల్లల ఖర్చు పరిమితిని సున్నా దగ్గర ఉంచి, ఉచిత వీ-బక్స్ ఇస్తామనే లింకులు పాస్‌వర్డ్ దొంగల పని అని మొదటిరోజే చెప్పండి. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టడం తప్పనిసరి.

డౌన్‌లోడ్ పదుల జీబీలు ఉంటుంది కనుక మొబైల్ డేటాతో కాక ఫైబర్ కనెక్షన్‌తో చేసుకోవాలి. మన వరంగల్ ఎండాకాలంలో కన్సోల్‌ను టీవీ అలమారలో మూసి ఉంచకండి, వెనుక గాలి ఆడే చోటు వదలండి. మెరిసే వెలుగులకు మూర్ఛ వచ్చే వారు వైద్యుణ్ని అడగకుండా ఆడకూడదు.

సమయ పరిమితి పెట్టేటప్పుడు, గడువు ముగిశాక హెచ్చరించి ఊరుకోవాలా, కన్సోల్ నుంచి బయటికి పంపాలా అని ప్లేస్టేషన్ అడుగుతుంది. హెచ్చరికనే ఎంచుకుని, నడుస్తున్న మ్యాచ్ పూర్తయ్యాక ఆపమనండి. జట్టుగా ఆడుతున్నప్పుడు మధ్యలో ఖాతా మూతపడితే తోటివారికి నష్టం, ఆ కోపమంతా మళ్లీ ఇంట్లోనే తీరుతుంది.