బీచ్ దగ్గర ఇంటికి గ్రిల్స్: రంగా, జింకు పూతా, స్టీలా?

ఏప్రిల్ రాగానే విశాఖలో పెదవాల్తేరు, లాసన్స్ బే, సాగర్‌నగర్ వైపు ఇళ్లవాళ్లంతా అడిగేది ఒకటే. "నిరుడే రంగేయించాం, మళ్లీ గ్రిల్స్ నుంచి తుప్పు కారుతోంది. పీకేసి స్టీలు పెట్టించేయమంటారా?" ఈ వేసవిలో మా వెనక బాల్కనీకి కొత్త గ్రిల్ చేయించే పని నాకూ పడింది. అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పే జవాబు ఈసారి ఒకేచోట రాస్తున్నాను.

ముందు ఉప్పు సంగతి తేల్చుకోవాలి. అలల మీంచి లేచిన తుంపర గాలితో వచ్చి చువ్వల మీద కూర్చుంటుంది. గాలిలో తేమ 75 శాతం చేరితే చాలు, మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తనే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం చేరినా చాలు. కాబట్టి మే నెలలో ఒక్క చినుకు పడకపోయినా విశాఖలో మీ గ్రిల్ రాత్రంతా తడిగానే ఉంటుంది. వానలకే తుప్పు పడుతుందనుకుంటాం గానీ, వాన తగిలే చువ్వని ఆ వానే కడిగి పెడుతుంది. సజ్జ కింద, అడ్డపట్టీ అడుగున, వాన చేరని మూలల్లోనే తుప్పు ముందు మొదలవుతుంది. కావాలంటే మీ కిటికీ అడ్డపట్టీ కింద వేలితో రాసి చూడండి.

అందుకని నేను చూసేది ఒక్కటే: ఆ మూలకి మన చెయ్యీ మంచినీళ్లూ అందుతాయా, అక్కడ దెబ్బతింటే మనమే బాగుచేసుకోగలమా. "ఎన్నేళ్లు వస్తుంది" అని షాపువాడిని అడిగితే, అతను చెప్పేది ఊరి మధ్యలో ఉన్న ఇంటి లెక్క.

పాత గ్రిల్ గట్టిగానే ఉంటే రంగే మేలు. అయితే మన దగ్గర రంగేసే పద్ధతే సగం తుప్పుకి కారణం. ఎమరీ పేపర్‌తో నాలుగు రుద్దులు రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టేస్తారు. తుప్పు గుంటల్లో దాక్కున్న ఉప్పు అలాగే ఉండిపోతుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా, పైనుంచి తేమని లాక్కుని కొన్నాళ్లకి పొక్కులు లేపుతుంది. వైర్ బ్రష్‌తో గీకాక కడగాలి, మళ్లీ గీకాలి, మళ్లీ కడగాలి. ఆరిన తర్వాత కూడా గుంటల్లో చెమ్మగా నల్లటి మచ్చలు కనిపిస్తే ఉప్పు ఇంకా ఉన్నట్టే. ఇంకో మాట, కడగడానికి మున్సిపల్ నీళ్లు వాడండి. బీచ్ దగ్గర చాలా బోర్లలో వచ్చేది ఉప్పునీరే. దాంతో కడిగితే కడిగిన ఫలితమే ఉండదు.

పెయింటర్‌కి రోజుకూలీ ఇచ్చి ఇంత ఓపిక ఆశించలేం. ఇంట్లోవాళ్లు సెలవుల్లో సరదాగా చేసుకుంటేనే ఈ పని కుదురుతుంది. పాత పెయింటు గీకేటప్పుడు మాత్రం పొడిగా గీకొద్దు, తడిపి గీకండి. ముక్కుకి మాస్కు కట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇంటి రంగుల్లో విషమైన సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పొరల్లో ఏముందో చూసి చెప్పలేం.

వేళ కూడా ముఖ్యమే. తెల్లారి చువ్వ చెమ్మగా ఉంటుంది, మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, పొద్దెక్కేకొద్దీ ఉప్పుగాలి లేస్తుంది. చెమ్మ ఆరాక, ఎండ ముదరక ముందు దొరికే ఆ కాసేపట్లోనే రంగు వెయ్యాలి. తూర్పువైపు గ్రిల్స్‌కి ఆ వ్యవధి ఇంకా తక్కువ. రెండో కోటు మర్నాడైతే, వేసేముందు మొదటి కోటుని తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. రాత్రికి రాత్రే దాని మీద ఉప్పు చేరి ఉంటుంది.

మామూలు ఎనామిల్ రంగా, హార్డెనర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపి వేసే ఎపాక్సీయా అంటే, పాత రంగు ఎంత మిగిలిందో చూసి తేల్చుకోవాలి. ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పీయూ (పాలీయురెథేన్) టాప్‌కోటు ఉప్పుగాలికి బాగా తట్టుకుంటాయి. పీయూ లేకుండా ఎపాక్సీ ఒక్కటే వేస్తే ఎండకి పిండిలా రాలుతుంది. అయితే పాత ఎనామిల్ మీద ఎపాక్సీ వేస్తే, దాని టిన్నర్ ఘాటుకి కింది పొర ఉబ్బి లేచిపోతుంది. అంటే మొత్తం ఇనుము బయటపడేదాకా గీకగలిగితేనే ఎపాక్సీ జోలికి వెళ్లాలి. అది కూడా డబ్బా అంతా ఒకేసారి కలపొద్దు. మన మే ఎండకి హార్డెనర్ కలిపిన రంగు చూస్తుండగానే గడ్డకడుతుంది. పాత రంగు చాలాచోట్ల గట్టిగా ఉంటే, తుప్పు ఉన్నచోట మాత్రం గీకి, కడిగి, జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, పైన రెండు కోట్లు ఎనామిల్ వేసి ఊరుకోండి. ఏటా వేసవిలో కాస్త కాస్త దిద్దుకుంటూ పోవచ్చు. తుప్పు మీదే పూసేయమని అమ్మే రస్ట్ కన్వర్టర్లు కడగడానికి బదులు కావు.

కొత్తగా చేయించేవాళ్లకి మాత్రం నేను చెప్పేది హాట్ డిప్ గాల్వనైజింగ్. మా బాల్కనీకీ అదే చేయించాను. షాపుల్లో "జీఐ పైపు" (ముందే జింకు పూసిన ఇనుప పైపు) అని ఇచ్చే పల్చటి సరుకు వేరు. ఆ పైపుల మీద ఉండే జింకే పల్చన, వెల్డింగ్ పెట్టినచోట అది కూడా కాలిపోతుంది. నేను చెప్పేది గ్రిల్ మొత్తం వెల్డింగ్ అయ్యాక, దాదాపు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచి తీసే పద్ధతి. మూలలు, అతుకులు, అడుగు భాగాలు, అన్నిటికీ పూత పడుతుంది. 6 మిల్లీమీటర్లు దాటిన ఇనుముకి సగటున 85 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జింకు ఉండాలన్నది ప్రమాణం. సముద్రతీరంలాంటి బాగా తినేసే వాతావరణంలో జింకు ఏడాదికి సుమారు 4 నుంచి 8 మైక్రాన్లు పోతుంది. లెక్క మీరే వేసుకోండి. పైగా ఎక్కడైనా గీత పడితే చుట్టూ ఉన్న జింకు ముందు కరుగుతూ ఇనుముని కాపాడుతుంది. రంగుకి ఆ గుణం లేదు.

దీనికీ చిక్కులున్నాయి. ముంచేచోటు ఊరికి దూరంగా ఉంటుంది, మోత ఖర్చు మీదే. బాక్సు పైపులతో చేయిస్తే గాలి పోవడానికి రంధ్రాలు పెట్టమని ముందే చెప్పాలి. లేకపోతే లోపలి గాలీ తడీ వేడెక్కి, జింకు తొట్టెలోనే పైపు పేలుతుంది. అందుకే నేను గట్టి చువ్వలే వాడించాను. బూడిదరంగు నచ్చక దాని మీద నేరుగా ఎనామిల్ కొట్టిస్తే పొరలు పొరలుగా ఊడొస్తుంది, ముందు జింకుకి రంగు పట్టేలా చేసే ఎచ్ ప్రైమర్ పడాలి. నాకు ఆ బూడిదరంగే బాగుంది. మా ఇంట్లో మిగతావాళ్లకి బాగోలేదు.

స్టీలు అడిగేవాళ్లే ఎక్కువ, కానీ "ఎస్ఎస్" (స్టెయిన్‌లెస్ స్టీలు) అన్నంత మాత్రాన సరిపోదు. 202 అనే గ్రేడులో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ. సముద్రం దగ్గర దాన్ని పెట్టించకండి. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం ఉంటాయి. అయినా ఉప్పు కడగకపోతే టీ మరకల్లాంటివి వస్తాయి. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం చేరుస్తారు కాబట్టి నిజంగా తీరానికి పనికొచ్చేది అదే. ధర మాత్రం గుండె గట్టిగా ఉన్నవాళ్లకి. 202 కాదని చూపించడానికి షాపులో అయస్కాంతం పెడతారు, నమ్మొద్దు. 202, 304 రెండూ మామూలుగా అయస్కాంతానికి అంటుకోవు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. వెల్డింగ్ దగ్గర నల్లబడిన చోటుని సరిగా శుభ్రం చేయించండి, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఇనుము గీకిన వైర్ బ్రష్ స్టీలుకి తగలనివ్వొద్దు. ఇల్లు కడిగే యాసిడ్ దగ్గరికే రానివ్వొద్దు. చేతికందే మెట్ల రెయిలింగ్‌కి 304 హాయి, వారానికోసారి తడిగుడ్డ వేస్తే మెరుస్తూనే ఉంటుంది. రెండో అంతస్తు కిటికీ బయటివైపు చువ్వలు ఎవరు తుడుస్తారు?

పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడితో పట్టించే పూత) చూడ్డానికి బాగుంటుంది, గీత పడితే కిందనుంచి తుప్పు పాకుతుంది, ఇంట్లో బాగుచేసుకోలేం. జింకు మీద వేయిస్తే సరే, ఒట్టి ఇనుము మీదైతే వద్దు. అల్యూమినియం తేలిక, తుప్పు బాధ తక్కువ, కానీ దొంగల భయం ఉన్న గ్రౌండ్ ఫ్లోర్‌కి ఆనదు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలే పెట్టించేసి గ్రిల్ మానేద్దామనేవాళ్లు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో అద్దాలు ఎలా పగిలాయో గుర్తుచేసుకోండి. ఆ కిటికీల స్క్రూలు, కీళ్లు ఏ లోహమో కూడా అడగండి.

ఏది పెట్టించినా చువ్వల కొసలు గోడలోకి దింపించకండి. తుప్పుకి ఇనుము ఉబ్బి ప్లాస్టరు పగులుతుంది, లోపల ఏం జరుగుతోందో కనపడదు, రంగు కూడా అందదు. ఫ్రేముకి బోల్టులతో బిగించమనండి, గ్రిల్ లోహానికి సరిపడే బోల్టులే వాడమనండి. మా మేస్త్రీ ముందు ఒప్పుకోలేదు, ఇంతకాలం అందరికీ గోడలోకే దింపానన్నాడు. బోల్టు తలలు బయటికి ఉంటే దొంగ విప్పేస్తాడన్నది అతని అభ్యంతరం, అది న్యాయమే. తలలు లోపలివైపుకి వచ్చేలా పెట్టించాం.