ముద్రారాక్షసం చెప్పే ఆదివారం తరగతి: ఒక దస్తావేజు లేఖరి అభిప్రాయం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి నడిచివెళ్లేంత దూరంలో, ఒక ఇంటి మేడ మీద ఆదివారం పొద్దునపూట సంస్కృత నాటకాలు చెప్పే తరగతి నడుస్తోంది. చెప్పేది రిటైరైన లెక్చరర్ ఒకాయన. బోర్డు లేదు, ప్రచారం లేదు. ఒక నాటకం పట్టుకుంటే అది పూర్తయ్యేదాకా ఇంకోటి ముట్టరు. ఈసారి విశాఖదత్తుడి ముద్రారాక్షసం, 7 అంకాలూ చెప్పారు. నాటకం మొత్తానికి ఫీజు 1500 రూపాయలు. ఒక పక్క మూలం, ఇంకో పక్క తెలుగు తాత్పర్యం ఉన్న జిరాక్స్ పుస్తకం అందులోనే ఇస్తారు. నేను చిత్తూరు నుంచి బస్సులో పోయి చదువుకున్నాను. బస్సు ఖర్చు ఫీజును దాటింది. అయినా తర్వాతి నాటకానికి పేరు రాయించే దిగి వచ్చాను.

నేను ఈ నాటకాన్ని ఎటునుంచి చూశానో చెప్తే తక్కినదంతా సరిగా అర్థమవుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. అమ్మకాలు, దానాలు, భాగపరిష్కారాలు, వీలునామాలు. సంస్కృతం చదువుకోలేదు. నాటకమంటే నాకు చిన్నప్పటినుంచీ ద్రౌపదమ్మ తిరునాళ్లే: పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ భారతం ఆట, ఆఖరి రోజు మట్టి దుర్యోధనుడి వధ. అక్కడ ఎవరి పక్షాన నిలబడాలో కూర్చునేముందే తెలుసు. ముద్రారాక్షసంలో ఆ ఆసరా లేదు. నందుల్ని కూల్చి చంద్రగుప్తుణ్ణి గద్దెనెక్కించిన చాణక్యుడు ఒకవైపు, చచ్చిపోయిన నందుల మీద భక్తితో, పర్వతకుడనే రాజు కొడుకు మలయకేతుణ్ణి కూడగట్టి యుద్ధానికి సిద్ధమయ్యే రాక్షసుడనే మంత్రి ఇంకోవైపు. చాణక్యుడికి రాక్షసుడి తల అక్కర్లేదు. ఆయన్ని చంద్రగుప్తుడికి మంత్రిగా తెచ్చి కూర్చోబెట్టాలి. అంతవరకూ శిఖ ముడవడు. ప్రేమకథ లేదు, నాయిక లేదు. ఏడంకాలూ ఈ ఒక్క పని మీదే నడుస్తాయి.

అయ్యవారు చెప్పే పద్ధతే ఈ తరగతికి ప్రాణం. మొదటిరోజే ఒక నోటుపుస్తకం తెరిపించి నాలుగు గళ్లు గీయించారు. ఈ రంగంలో ఎవరున్నారు, ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలియదు, ఏ వస్తువు ఎవరి చేతిలో ఉంది. ప్రతి రంగానికీ ఆ గళ్లు నింపాలి. మొదట్లో ఇదేదో చిట్టా పద్దులా అనిపించింది. రెండో అంకానికి వచ్చేసరికి నాటకం కట్టడం మొత్తం ఆ కాగితం మీద కనబడసాగింది. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని అలంకారశాస్త్రం చెప్పే ఐదు సంధులను, అంటే కథ నడిచే ఐదు దశలను, ఆయన ఆ గళ్ల తర్వాతే చెప్పారు. ముందు నిర్వచనాలు బట్టీ పెట్టించి ఉంటే నావంటివాడు మూడో వారానికే మానేసేవాడు.

ఉంగరం సంగతే చూడండి. రాక్షసుడు ఊరొదిలి పోతూ భార్యాబిడ్డల్ని రత్నాల వర్తకుడు చందనదాసు ఇంట్లో దాచాడు. యముడి బొమ్మలున్న పటం చూపించి పాడుకుంటూ తిరిగే వేషంలో చాణక్యుడి గూఢచారి ఆ ఇంటికి పోయాడు. పసివాడు బయటికి తొంగిచూశాడు, తల్లి వాణ్ణి లోపలికి లాక్కుంది, ఆ గుంజులాటలో ఉంగరం వేలినుంచి జారింది. ఒక తల్లి కంగారు పడటం వల్ల రాక్షసుడి ముద్ర ఉన్న ఉంగరం శత్రువు చేతికి చిక్కింది. దానితో చాణక్యుడు ఒక ఉత్తరం పుట్టిస్తాడు. ఆ ఉత్తరం అయిదో అంకంలో బయటపడి మలయకేతు కూటమిని ముక్కలు చేస్తుంది. నా నోటుపుస్తకంలో ఉంగరం గడిని మొదటి అంకం నుంచి అయిదో అంకం దాకా వేలు పెట్టి చూసుకుంటే ఎక్కడా తెగలేదు.

ఉత్తరం రాసే చోట నేను నిటారుగా కూర్చున్నాను. శ్రోత్రియుల అక్షరాలు ఎంత జాగ్రత్తగా రాసినా స్పష్టంగా ఉండవని, శకటదాసు చేత రాయించమంటాడు చాణక్యుడు. శకటదాసు రాక్షసుడి మనిషి, కాయస్థుడు, రాత పనే వృత్తి. ఉత్తరం ఎవరు ఎవరికి రాస్తున్నారో పేర్లుండవు. రాయించేది చాణక్యుడని శకటదాసుకు చెప్పరు. స్నేహితుడనుకున్న సిద్ధార్థకుడు అడిగాడని రాసిచ్చాడు, అంతే. పేర్లు లేని కాగితం ఎంత ప్రమాదమో మా వృత్తిలో మొదట నేర్పేది అదే. రాసేవాడి చేతులు కట్టేసే పద్ధతి అది. చేతిరాత నిజం, ముద్ర నిజం, విషయం మాత్రం అబద్ధం.

అయిదో అంకంలో ఆ ఉత్తరం మలయకేతు చేతికి వస్తుంది. శకటదాసును పిలిపించి అడుగుదామని ఒక మాట వస్తుంది. అక్కడే ఉన్న భాగురాయణుడు చాణక్యుడి మనిషి. శకటదాసు రాక్షసుడి ఎదుట నిజం ఒప్పుకోడు, వాడి రాత ఇంకోటి తెప్పించి పోల్చి చూడండి అంటాడు. పోల్చారు, సరిపోయింది. ఒప్పుకున్న రాత పక్కన వివాదంలో ఉన్న రాత పెట్టి చూడటం ఇవాళ్టికీ కోర్టులో జరిగే పనే. అది రాత ఎవరిదో చెబుతుంది, ఎందుకు రాశాడో చెప్పదు. ఆ తేడా మీద విశాఖదత్తుడు ఒక అంకం నిలబెట్టాడు. పైగా రాక్షసుడు అప్పుడు వేసుకుని వచ్చిన నగలు మలయకేతు తండ్రి పర్వతకుడివి. వాటినీ బేరగాళ్ల ద్వారా ఆయనకు అంటగట్టింది చాణక్యుడే. తన నమ్మకస్తుడు శకటదాసే ద్రోహం చేశాడని రాక్షసుడు కూడా నమ్మేస్తాడు. ఆఖరి అంకంలో చాణక్యుడు వచ్చి, పాపం శకటదాసుకు తెలియకుండా ఆ ఉత్తరం రాయించామని చెప్పినప్పుడు, శకటదాసు మీద అనుమానం తీరింది, అదే చాలనుకుంటాడు రాక్షసుడు. అంతా పోగొట్టుకుని నిలబడ్డ మనిషి ముందు తలుచుకున్నది ఒక రాతగాడి నిజాయితీని. ఆ పంక్తి దగ్గర నాకు కళ్లు చెమర్చాయి.

కట్టడాన్నీ రాజకీయాన్నీ విడదీసి చెప్పకపోవడం ఈ తరగతిలో నాకు బాగా నచ్చిన రెండో సంగతి. నాలుగో అంకంలో రాక్షసుడు తలనొప్పితో నిద్రలేకుండా తనలో తాను అనుకునే శ్లోకం మీద అయ్యవారు ఒక పూటంతా నిలబడ్డారు. మొదట చిన్న పని సూచించి, దాన్ని పెంచి, లోపల దాచిన విత్తనాలనుంచి ఎవరికీ అందని ఫలం బయటికి తీసి, బుద్ధితో విమర్శ చేసి, ఎటెటో పరుచుకున్నదాన్ని మళ్లీ ఒకచోటికి లాక్కురావాలి; ఈ కష్టం నాటకం రాసేవాడికి తెలుసు, లేదా మావంటివాడికి తెలుసు అంటాడు. బీజం, గర్భం, విమర్శ, చివరి ఉపసంహారం అన్నీ ఆ శ్లోకంలోనే వచ్చాయి. విశాఖదత్తుడి తాత సామంతుడు, తండ్రి మహారాజ బిరుదున్నవాడు అని ప్రస్తావనలోనే ఉంది. మంత్రాంగం ఆయనకు ఇంట్లో చూసిన విషయం. తెర వెనక ఎవరో నడిపిస్తుంటే ముందున్నవాళ్లు అది తమ నిర్ణయమనుకుని నడవడం, ఈ నాటకంలో రాజకీయమంటే అది. అందుకే ప్రేక్షకుడికి తెలిసినది పాత్రకు తెలియకుండా పెట్టడం ఇక్కడ అలంకారం కోసం కాదు.

మూడో అంకం కూడా బాగా చెప్పారు. కౌముదీ మహోత్సవం ఆపించాడని చంద్రగుప్తుడు చాణక్యుడితో తగాదా పడతాడు. తగాదా అంతా చాణక్యుడు నేర్పిన నటనే. గురువు పోయాక ఆ రాజు, ఆర్యుడి ఆజ్ఞతోనే మర్యాద దాటాను, అయినా భూమిలోకి దూరిపోవాలనిపిస్తోంది అనుకుంటాడు. అదే అంకంలో రాజు అంతఃపురంలో పనిచేసే ముసలి కంచుకి చాణక్యుడి ఇల్లు చూస్తాడు: పిడకలు పగలగొట్టే రాతిముక్క, శిష్యులు తెచ్చిన దర్భల కుప్ప, ఎండబెట్టిన సమిధల బరువుకు వంగిన చూరు, పాడుబడ్డ గోడలు. సామ్రాజ్యం నడిపేవాడు తనకోసం ఏమీ వెనకేసుకోలేదు. అధికారం చేతిలో ఉన్నవాడి ఇల్లు ఎలా ఉందో చూపించడం కూడా రాజకీయం చెప్పడమే.

ఇక నీతి. ఇక్కడే తరగతిలో మాటలు ఎక్కువ నడిచాయి. నగల వ్యాపారం చేసే శెట్టిగారొకరు మాతో చదివారు. చందనదాసు వచ్చిన ప్రతిచోటా ఆయన పుస్తకం ఒళ్లోంచి తీసి చేతిలో పట్టుకునేవారు. రాక్షసుడి కుటుంబాన్ని అప్పగించమని చాణక్యుడు గద్దిస్తే, ఇంట్లో ఉన్నా అప్పగించను, లేనివాళ్లను ఎక్కడనుంచి తెచ్చేది అంటాడు చందనదాసు. చాణక్యుడు లోలోపల శిబిచక్రవర్తితో పోల్చి మెచ్చుకుంటాడు, పైకి మాత్రం చెరలో వేయిస్తాడు. "మెచ్చుకున్నవాణ్ణే బందీ చేస్తే ఆ మెప్పు ఎందుకు సార్?" అని శెట్టిగారు అడిగారు. అయ్యవారు వెంటనే జవాబు చెప్పలేదు. "ఏడో అంకం దాకా ఆ ప్రశ్న దాచుకోండి శెట్టిగారూ, అక్కడ మళ్లీ అడగండి" అన్నారు.

ఏడో అంకంలో చందనదాసును చంపడానికి వధ్యస్థానానికి తీసుకుపోతారు. భార్య, కొడుకు వెంట వస్తారు. నువ్వు లేకుండా నేనేం చెయ్యాలి నాన్నా అని పిల్లవాడు అడిగితే, చాణక్యుడు లేని దేశంలో బతుకు అంటాడు చందనదాసు. మిత్రుణ్ణి కాపాడుకోవడానికి రాక్షసుడు తనంతట తానే వచ్చి లొంగిపోతాడు. కత్తి పట్టుకుని ఎందుకు రాలేదంటే, ఆరో అంకంలో ఉరితాడుతో కనబడ్డ మనిషి ముందే చెప్పాడు: శకటదాసును చంపబోతుంటే సిద్ధార్థకుడు తప్పించి తీసుకుపోయినప్పటినుంచి (అదీ చాణక్యుడి ఎత్తే) ఆయుధంతో ఎవరు కనబడినా తలారులు శిక్షను తొందరగా ముగించేస్తున్నారని. మొదటి అంకంలో వేసిన ముడి ఇక్కడ బిగిసింది. ఆ తలారులు కూడా చాణక్యుడి మనుషులే. మిత్రుడు బతకాలంటే చంద్రగుప్తుడి మంత్రిగా శస్త్రం తీసుకోవాలి అన్నది షరతు. తీసుకుంటాడు. చాణక్యుడు శిఖ ముడుస్తాడు.

రక్తపాతం లేకుండా రాజ్యం నిలబెట్టాడు గనుక చాణక్యనీతి గొప్పదని అయ్యవారి అభిప్రాయం. యుద్ధం తప్పింది నిజమే. కానీ ఆ ఉత్తరం నమ్మి మలయకేతు తన కూటమిలోని అయిదుగురు రాజుల్ని చంపించాడు. భూమి ఆశపడ్డారన్న ముగ్గురిని గోతిలో పూడ్పించాడు, ఏనుగుల ఆశపడ్డారన్న ఇద్దరిని ఏనుగులతో తొక్కించాడు. ఆ ఆశలు కూడా ఆ ఉత్తరంలో పుట్టించినవే. చివర్లో మలయకేతుకు రాజ్యం తిరిగి ఇచ్చారు, చందనదాసుకు శ్రేష్ఠి పదవి ఇచ్చారు. ఆ అయిదుగురి మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఈ మాట తరగతిలో చెప్పాను. అయ్యవారు కాదనలేదు, నా లెక్క సరైనదేనని నోటుపుస్తకంలో ఇంకో గడి గీయమన్నారు: ఎవరు చచ్చిపోయారు, ఎవరు గుర్తుచేసుకున్నారు. నాకు మాత్రం చాణక్యుడి పన్నాగంకన్నా అది దేనిమీద ఆధారపడిందో అదే పెద్ద విషయం. చందనదాసు స్నేహితుణ్ణి అప్పగించేవాడైతే, రాక్షసుడు స్నేహితుడి చావు చూస్తూ ఊరుకునేవాడైతే, ఇంత మంత్రాంగమూ ఆఖరి అంకంలో కూలిపోయేది. ఇద్దరి మంచితనాన్ని ముందే కొలిచి పెట్టుకున్నాడు గనుకే చాణక్యుడు గెలిచాడు.

లోపాలు కూడా చెప్పాలి. చందనదాసు, తలారులు, స్త్రీలు సంస్కృతంలో కాదు, ఆ కాలపు వాడుక భాష ప్రాకృతంలో మాట్లాడతారు. అయ్యవారు ఆ మాటల్ని సంస్కృత ఛాయలోనే, అంటే సంస్కృతంలోకి మార్చిన రూపంలోనే చదివి ముందుకు పోయారు. నాటకంలో అందరికన్నా నిజాయితీపరుడైన వర్తకుడు ఏ భాషలో మాట్లాడాడో ఆ చప్పుడు ఒక్కసారైనా మా చెవిన పడాల్సింది. రెండో అంకంలో పాములవాడి వేషంలో వచ్చిన విరాధగుప్తుడు రాక్షసుడి ఎత్తులన్నీ ఎలా బెడిసికొట్టాయో చెప్తాడు. అన్నం మెతుకులు మోసుకుంటూ గోడ నెర్రెలోంచి వచ్చే చీమల్ని చూసి లోపల చంద్రగుప్తుణ్ణి చంపడానికి దాక్కున్న మనుషులున్నారని చాణక్యుడు పసిగట్టడం అక్కడే. పేర్లు ఎక్కువైన ఆ అంకాన్ని ఒక్క పూటలో తోసేశారు. రెండు వారాలు పట్టినా మేము కూర్చునేవాళ్లం. ఇంకొకటి, ఎవరూ లేచి నిలబడి చదవలేదు. ఏడో అంకమైనా పాత్రలు పంచుకుని పైకి చదివితే ఇది ఆడేందుకు రాసిందని తెలిసేది.

నాటకం చివర వచ్చే మంగళశ్లోకం, భరతవాక్యంలో వరాహమూర్తి దంతం మీద నిలిచిన భూమి వస్తుంది. తిరుమలలో ముందు వరాహస్వామిని దర్శించుకునే అలవాటున్న మాకు ఆ శ్లోకం వివరించనక్కర్లేకపోయింది. దాని చివర రాజు పేరు కొన్ని ప్రతుల్లో చంద్రగుప్తుడు, కొన్నిట్లో అవంతివర్మ, ఇంకొన్నిట్లో దంతివర్మ అని ఉండటం, అందువల్లే విశాఖదత్తుడి కాలం మీద వాదాలు నడవడం అయ్యవారు విప్పి చెప్పిన తీరు బాగుంది.

చేరాలనుకునేవాళ్లకు: పరీక్ష ప్రశ్నలు, నోట్సు ఆశించవద్దు, ఇవ్వరు. సంస్కృతం రాకపోయినా పర్లేదు, తాత్పర్యం ముందురోజే చదువుకుని రావాలి. కింద కూర్చోవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెబితే కుర్చీ వేస్తారు. లోపాలన్నీ కలిపినా ఐదుకు నాలుగున్నర ఇస్తాను. వచ్చేది శూద్రకుడి మృచ్ఛకటికం, 10 అంకాలు. దాంట్లో ప్రాకృతం ఇంకా ఎక్కువ, ఈసారి పైకి చదివించాలని శెట్టిగారూ నేనూ కలిసి అడిగాం, అయ్యవారు సరేనన్నారు.