ఉమ్మడి ప్రభుత్వ డేటా సెంటర్: దాదాపు పదేళ్లు వాడాక ఒక శాఖ ఐటీ మనిషి సమీక్ష

ముందే చెప్పేస్తాను: శాఖకో సర్వర్ గది తీసేసి అందరికీ కలిపి ఒక డేటా సెంటర్ పెట్టడం మంచి పనే. మా శాఖ అప్లికేషన్లు దాదాపు పదేళ్లుగా అలాంటి ఉమ్మడి సెంటర్లోనే నడుస్తున్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. పాత గదికి తిరిగి వెళ్దామంటే ససేమిరా అంటాను. అయితే "డేటా సెంటర్లో పెట్టేశాం కదా, ఇంకేం టెన్షన్" అని మీటింగులో ఎవరైనా అంటే నాకు అప్పుడే టెన్షన్ మొదలవుతుంది. కరెంటు, చల్లదనం, కాపలా విషయంలో ఈ సెంటర్‌కి వంక పెట్టలేను. పెద్ద దెబ్బ తగిలితే ఎంతసేపట్లో తేరుకుంటాం అన్న దగ్గరే నా ఫిర్యాదులన్నీ.

మా పాత సర్వర్ గది అసలు స్టోర్ రూము. ఫైళ్లు ఖాళీ చేయించి రెండు ర్యాకులు నిలబెట్టారు. స్ప్లిట్ ఏసీలు రెండు, ఒకటి నడుస్తుంటే ఇంకోటి రిపేర్లో ఉండేది. ఏసీ నీళ్లు ర్యాకు మీద కారకుండా పైన ప్లాస్టిక్ షీటు కట్టారు. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బి కనిపిస్తున్నా, కొత్తవాటి ఫైలు కదిలేదాకా వాటితోనే లాగించాలి. బ్యాకప్ అంటే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. దాన్ని భద్రంగా దాచింది ఎక్కడో కాదు, అదే గదిలో సర్వర్‌కి ఎదురుగా ఉన్న బీరువాలో. వరస సెలవులొచ్చాయంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే ఒక పని. ఇలాంటి గదులు ప్రతి శాఖలోనూ ఉండేవి, వాటిలో సగం సర్వర్లు పెద్దగా పని లేకుండా కరెంటు తాగుతుండేవి. ఇదంతా మా ఒక్కరి కథ కాదు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం కూడా 2010లో తన డేటా సెంటర్లను కలిపి తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టింది.

సెంటర్‌కి మారాక మొదట తెలిసిన తేడా కరెంటు. ప్రతి ర్యాకుకీ ఏ, బీ అని రెండు వేరు లైన్లు వస్తాయి. ఒక్కో లైనుకి దాని యూపీఎస్ దానికుంటుంది, వెనక జనరేటర్లు ఉంటాయి. బయట కరెంటు పోయాక జనరేటర్ అందుకునేదాకా ఆ కొన్ని సెకన్లు యూపీఎస్ మోస్తుంది, సర్వర్‌కి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. టియర్ 3 (సెంటర్‌ని ఆపకుండానే మరమ్మతు చేసుకోగల స్థాయి) సెంటర్లు ఏడాదిలో ఎంతసేపు నడుస్తాయన్న దానికి వాడుకలో చెప్పే లెక్క 99.982 శాతం. అంటే ఏడాది మొత్తం మీద గంటన్నరకి కాస్త అటూఇటూ ఆగొచ్చన్నమాట. మా అనుభవంలో భవనం వైపు నుంచి వచ్చిన ఆటంకాలు నిజంగానే తక్కువ. కాకపోతే ఆ లెక్కలో మన అప్లికేషన్ ఉండదు. అప్లికేషన్ హ్యాంగయి కూర్చున్నా, సెంటర్ నెలవారీ రిపోర్టులో మాత్రం అంతా పచ్చగానే కనిపిస్తుంది.

ఒకసారి ఏ లైనుని మెయింటెనెన్సు కోసం ఆపుతున్నామని మెయిల్ వచ్చింది. బీ లైను ఉంది కదా అని అందరూ ధీమాగానే ఉన్నారు. ఆపిన నిమిషంలో మా డేటాబేస్ సర్వర్ పడిపోయింది. ర్యాకు వెనక తలుపు తీసి చూస్తే సర్వర్‌కి పవర్ సప్లైలు రెండున్నాయి, కేబుళ్లు రెండున్నాయి, ఆ రెండూ ఎడమ పక్కనున్న ఒకే పవర్ స్ట్రిప్పులో గుచ్చి ఉన్నాయి. బిగించిన కాంట్రాక్టరు మనుషుల దగ్గర ఉన్నది పొట్టి కేబుల్, కుడి పక్కకి అందలేదు. అప్పటినుంచి ఏ కొత్త సర్వర్ పెట్టినా ఎర్ర కేబుల్ ఒక పక్కకి, నీలం కేబుల్ ఇంకో పక్కకి వెళ్లినట్టు ఫొటో తీసి పంపితేనే పని పూర్తయినట్టు సంతకం పెడుతున్నాం. మీ సర్వర్లు ఎక్కడున్నా సరే, ఈ ఒక్కటీ వెళ్లి కళ్లారా చూసి రండి.

టికెట్ల (ఏ పని కావాలన్నా సెంటర్‌కి పెట్టుకునే అర్జీల) బాధ గురించి క్లుప్తంగా. పాత గదిలో ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్ రాకపోకలకి కాపలా కాసేది) ఒక పోర్టు, అంటే ఒక దారి, తెరవాలంటే నేనే తెరిచేవాణ్ణి. ఇప్పుడు ఫారం నింపాలి, కారణం రాయాలి, పై అధికారి సంతకం కావాలి, ఆనక ఫారం వెర్షన్ మారిందని వెనక్కొస్తుంది. చిరాకే. కానీ నిజం చెప్పాలంటే పాత పద్ధతిలో ఎప్పుడో తెరిచి మరిచిపోయిన పోర్టులు ఎన్నో ఉండేవి. ఈ ఫారాల పుణ్యమా అని కనీసం ఏది ఎందుకు తెరిచామో రికార్డు ఉంది. దీని మీద ఇంతకంటే రాయను.

అసలు సంగతి బ్యాకప్, డీఆర్. డీఆర్ అంటే వేరే ఊళ్లో ఉండే రెండో సెంటర్, మొదటిది మూలపడితే పని అందుకోవాల్సినది. మా డేటా అక్కడికి కొన్ని సెకన్ల తేడాతో కాపీ అవుతూ ఉంటుంది. దాంతో చాలామంది అధికారులకి డీఆర్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనన్న నమ్మకం. ఒక సాయంత్రం అప్లికేషన్ చూసే వెండర్ తాలూకు కుర్రాడొకరు షరతు పెట్టడం మరిచి ఒక అప్‌డేట్ కమాండ్ కొట్టాడు. ఒక ఊరి దరఖాస్తుల స్థితి మార్చబోతే టేబుల్ మొత్తం మారిపోయింది. మేం ఫోన్లు ఎత్తేలోపే ఆ తప్పు డీఆర్‌కి కూడా తు.చ. తప్పకుండా చేరిపోయింది. కాపీ చేసే యంత్రానికి మంచి డేటా, చెడ్డ డేటా తేడా ఏం తెలుస్తుంది? ఆ రోజు మమ్మల్ని కాపాడింది అంతకు ముందు రాత్రి తీసిన మామూలు బ్యాకప్. అయితే దాన్ని రీస్టోర్ చేయడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే సెంటర్లో ఎవరూ చెప్పలేకపోయారు, ఎందుకంటే మా సైజు డేటాబేస్‌ని అంతవరకు ఎవరూ వెనక్కి తెచ్చి చూడలేదు. బ్యాకప్ జాబ్ రోజూ సక్సెస్ అని చూపిస్తుంది, అందరూ అది చూసి ఊరుకున్నారు. ఆ రాత్రంతా స్క్రీన్ మీద శాతం అంకె మెల్లగా పాకుతుంటే చూస్తూ కూర్చున్నాం. పొద్దున కౌంటర్లు తెరిచే వేళకి అయిపోలేదు.

ఇక డీఆర్ డ్రిల్ అనే తతంగం గురించి చెప్పాలి. ఏళ్ల తరబడి మా దగ్గర డ్రిల్ ఇలా జరిగేది: సెలవు రోజున, ముందే సర్క్యులర్ ఇచ్చి, మెయిన్ సెంటర్‌ని ఆపకుండానే డీఆర్‌లో అప్లికేషన్ తెరవడం, లాగిన్ పేజీ వచ్చిందని స్క్రీన్‌షాట్ తీయడం, రిపోర్టు పంపడం. ఆడిటర్లకి అది చాలు. మెయిన్ సెంటర్‌ని నిజంగా తెంపేసి డ్రిల్ చేద్దామని చాలాకాలం పోరాక చివరికి ఒప్పుకున్నారు. ఆ డ్రిల్‌లో బయటపడ్డవి చూడండి. ఒక పాత మాడ్యూల్లో సర్వర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) కోడ్‌లోనే రాసేసి ఉంది, అది డీఆర్‌లో ఉండి కూడా మెయిన్ సెంటర్‌నే వెతుక్కుంటోంది. రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ లైసెన్సు పాత సర్వర్ హార్డ్‌వేర్‌కి ముడిపడి ఉంది, డీఆర్‌లో తెరుచుకోలేదు. డీఎన్ఎస్‌లో (సైటు పేరుకి ఏ సర్వర్ చిరునామానో చెప్పే పట్టీ) చిరునామా మార్చాం, కానీ పాత చిరునామాని ఒక రోజంతా గుర్తుపెట్టుకోమని ఎవరో ఎప్పుడో సెట్ చేశారు. దాంతో సగం ఆఫీసులు కొత్త సెంటర్‌కి, సగం ఆఫీసులు చచ్చిపోయిన సెంటర్‌కి వెళ్తున్నాయి. అన్నిటికంటే తమాషా ఓటీపీది. ఎస్ఎంఎస్ గేట్‌వే (మా తరఫున ఎస్ఎంఎస్‌లు పంపే సేవ) వాళ్ల దగ్గర మా మెయిన్ ఐపీ ఒక్కటే అనుమతించిన జాబితాలో ఉంది. అప్లికేషన్ చక్కగా లేచింది, ఓటీపీ మాత్రం ఒక్క ఫోనుకీ వెళ్లలేదు. ఓటీపీ లేకుండా లాగిన్ లేదు. స్క్రీన్‌షాట్ డ్రిల్‌లో ఇవేవీ ఏ జన్మకీ తెలియవు. ఆ ఒక్క రోజు కుస్తీ నాకు అంతకు ముందు రిపోర్టులన్నిటికంటే ఎక్కువ విలువైనది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, దెబ్బ తిన్నవాళ్లలో చిన్నాచితకా దేశాలు లేవు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజియోన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కి నిప్పంటుకుంది. సర్వర్లున్న గదిలోంచి యూపీఎస్ లిథియం బ్యాటరీలను కింది అంతస్తుకి మార్చే పనిలో ఉండగా మొదలైన మంట అది. బ్యాటరీలని సర్వర్లకి దూరంగా పెట్టాలనే మంచి ఉద్దేశంతో చేస్తున్న పనిలోనే అలా జరిగింది. లిథియం బ్యాటరీ మంట మామూలు మంటలా ఆరదు. సెల్స్ ఒకదాన్నొకటి వేడెక్కించుకుంటూ పోతాయి, గాలి అందకుండా చేసే గ్యాస్ వదిలితే సరిపోదు. ఆపేసిన సిస్టమ్‌లు మొదట 647 అన్నారు, తర్వాత లెక్క 709కి పెరిగింది. ఉద్యోగుల ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్ల డేటా పోయింది. అంత పెద్ద డేటాకి బయట కాపీ పెట్టడం కష్టమని పెట్టలేదట. చదివాక మా పాత బీరువా కళ్లముందు మెదిలింది.

ఇండోనేషియాది ఇంకో తరహా. 2024 జూన్‌లో సురబాయలోని తాత్కాలిక జాతీయ డేటా సెంటర్‌ని రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బడిగే వైరస్) పట్టేసింది. 200 పైగా ప్రభుత్వ సంస్థల పనులు ఆగాయి, విమానాశ్రయాల్లో ఇమిగ్రేషన్ దగ్గర జనం బారులు తీరారు. 80 లక్షల డాలర్లు అడిగారు, ప్రభుత్వం ఇవ్వనంది. అక్కడి డేటాలో దాదాపు 98 శాతానికి బ్యాకప్ లేదని అధికారులే పార్లమెంటులో ఒప్పుకున్నారు. బ్యాకప్ సదుపాయం లేక కాదు, దాన్ని సంస్థల ఇష్టానికి వదిలేశారు. బడ్జెట్ లేదని చాలా సంస్థలు తీసుకోలేదు. ఇది చదివితే నాకు నవ్వు రాలేదు, మా సెంటర్లోనూ బ్యాకప్ అనేది ఫారంలో టిక్కు పెట్టి అదనంగా అడిగితేనే వచ్చేది. హోస్టింగ్‌తో పాటు దాన్ని తప్పనిసరి చేయాలి, వద్దనేవాళ్ల చేత ఆ సంగతి రాసి సంతకం పెట్టించాలి. ఇంకో మాట, ఒక్క కాపీ అయినా అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నవాడు కూడా చెరపలేనిదై ఉండాలి. రాన్సమ్‌వేర్ ముఠాలు ముందు వెతికేది బ్యాకప్‌లనే.

మంటా లేదు, దొంగా లేడు, అయినా పడిపోయిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం తన ఐటీ అంతా ఒకచోటికి చేర్చింది. 2010 ఆగస్టులో ఒక స్టోరేజ్ యంత్రం పాడై 26 ప్రభుత్వ సంస్థలు ఒకేసారి ఇబ్బందిలో పడ్డాయి, డ్రైవింగ్ లైసెన్సుల జారీ దాదాపు వారం ఆగిపోయింది. పాత రోజుల్లో ఒక శాఖ సర్వర్ పోతే ఆ శాఖ ఒక్కటే తిట్లు తినేది.

మాకు ఇప్పుడు ఎక్కువ తిట్లు తెచ్చిపెడుతున్నది భవనాన్ని పంచుకోవడం కాదు, సేవల్ని పంచుకోవడం. అన్ని శాఖలకీ ఒకే లాగిన్, ఒకే ఎస్ఎంఎస్ గేట్‌వే, ఒకే పేమెంట్ గేట్‌వే. జనానికి ఇది ఎంత సుఖమో నాకు తెలుసు, పింఛనుకొక పాస్‌వర్డు, ధ్రువపత్రానికొక పాస్‌వర్డు గుర్తుపెట్టుకునే బాధ తప్పింది. కానీ ఉమ్మడి లాగిన్ పడుకుంటే మా అప్లికేషన్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా లాభం లేదు. ఒకసారి అందరం కలిపి వాడే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సైటు అసలుదేనని బ్రౌజర్‌కి చూపే పత్రం) గడువు అయిపోయింది. గుర్తుచేసే మెయిల్ రిటైరైపోయిన ఒక అధికారి పేరు మీదున్న చిరునామాకి వెళ్తోందట. పొద్దున్నే అన్ని శాఖల సైట్లూ బ్రౌజర్లో ఎర్ర హెచ్చరికతో ప్రత్యక్షమయ్యాయి. మా కాల్ సెంటర్‌కి వచ్చిన ఫోన్లన్నీ "మీ సైటు హ్యాక్ అయిందా" అనే. నా సలహా ఏంటంటే, ఉమ్మడి లాగిన్ రాకపోయినా కౌంటర్లో ఉద్యోగి తన లోపలి లాగిన్‌తో దరఖాస్తు తీసుకునే దారి ఒకటి ఉంచుకోండి. మేం దరఖాస్తు స్థితి చూపించే పేజీకి లాగిన్ తీసేసి దరఖాస్తు నంబరు, పుట్టిన తేదీతో తెరుచుకునేలా చేశాం. సగం ఫోన్లు తగ్గాయి.

ఎవరూ పట్టించుకోని ఇంకో విషయం, డీఆర్‌కి మారుదామని చెప్పే అధికారం ఎవరిది? మెయిన్ సెంటర్ నత్తనడక నడుస్తోంది, పూర్తిగా పడలేదు. ఇంకో అరగంట చూద్దామని సెంటర్ వాళ్లు, పై నుంచి ఆర్డర్ రావాలని శాఖ వాళ్లు. నెట్‌వర్క్ సమస్య వచ్చిన ఒక రోజు పూటంతా ఇలాగే గడిచింది. మారితే తిరిగి రావడం ఇంకా కష్టం, డీఆర్‌లో చేరిన కొత్త డేటాని మెయిన్‌కి పంపి సరిచూసుకోవాలి. అందుకే అందరూ జంకుతారు. ఇప్పుడు మా దగ్గర ఎంతసేపు ఆగితే ఎవరు నిర్ణయం తీసుకోవాలో పేరుతో కాకుండా హోదాతో రాసి గోడకి అంటించారు. చిన్న పనే, కానీ వాదనలు తగ్గాయి.

ఈ విషయంలో నాకు ముచ్చటేసేది ఎస్టోనియా. ఏకంగా దేశం బయట, లగ్జెంబర్గ్‌లో తన డేటాకి ఒక రాయబార కార్యాలయంలాంటిది పెట్టుకుంది. 2017లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి, ఆ సర్వర్ల మీద అధికారం ఎస్టోనియాదే. అందరికీ అంత దూరం అక్కర్లేదు. రెండో సెంటర్ మొదటిదానితో ఒకే కరెంటు లైను, ఒకే వరద ముంపు, ఒకే అడ్మిన్ పాస్‌వర్డు పంచుకోకుండా ఉంటే చాలు.

మార్కులేయమంటే కరెంటు, చల్లదనానికి పదికి తొమ్మిది. భద్రతకి ఏడు. టికెట్లకి నాలుగు. దెబ్బ తగిలాక తేరుకోవడానికి మొదట్లో రెండు ఇచ్చేవాణ్ణి, తెంపి చేసే డ్రిల్ ఏటా జరుగుతోంది కాబట్టి ఇప్పుడు ఆరు. మనుషులు తక్కువున్న చిన్న శాఖలైతే ఇంకేం ఆలోచించకుండా మారిపోండి. పెద్ద డేటాబేసులున్నవాళ్లు మాత్రం సంతకం పెట్టేముందు సెంటర్ వాళ్లని రెండు సంగతులు రాతలో ఇమ్మనండి: మీ అంత సైజు డేటాని చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేశారు, ఎన్ని గంటలు పట్టింది. "బ్యాకప్ సక్సెస్ రిపోర్టు పంపుతాం సార్" అంటే, అడిగింది అది కాదని చెప్పి మళ్లీ అడగండి.