సొంత రిజిస్ట్రీకి నాలుగేళ్లుగా బ్యాకప్: ఆర్‌సింక్, స్కోపియో ఎలా ఉన్నాయంటే

మా టీమ్ సొంత కంటైనర్ ఇమేజ్ రిజిస్ట్రీ (ప్రోగ్రామ్‌ని, అది నడవడానికి కావాల్సినవాటిని కలిపి కట్టిన ప్యాకేజీలను దాచే సర్వర్) బాగోగులు నాలుగేళ్లుగా నా నెత్తినే ఉన్నాయి. డాకర్ సంస్థ 2021లో సీఎన్‌సీఎఫ్‌కి (క్లౌడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను చూసుకునే సంస్థ) అప్పగించిన ఓపెన్ సోర్స్ రిజిస్ట్రీయే మేం వాడేది. ఇప్పుడు దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటున్నారు. బ్యాకప్ కోసం అందులో విడిగా ఏ సౌకర్యమూ లేదు. అందుకే రోజూ ఆర్‌సింక్ (మారిన ఫైళ్లను మాత్రమే కాపీ చేసే టూల్), వారానికోసారి స్కోపియో (రిజిస్ట్రీల మధ్య ఇమేజ్‌లు కాపీ చేసే టూల్) నడుపుతున్నా. నిజంగా రిస్టోర్ చేయాల్సి వచ్చింది రెండుసార్లే. మొదటిసారి మాత్రం చుక్కలు కనిపించాయి.

ముందు ఆర్‌సింక్ సంగతి. రిజిస్ట్రీ డేటా అంతా మామూలు ఫైళ్లే. బ్లాబ్స్ అనే ఫోల్డర్‌లో లేయర్లు (ఇమేజ్‌లోని ముక్కలు), మ్యానిఫెస్ట్‌లు (ఏ ఇమేజ్‌లో ఏ లేయర్లున్నాయో చెప్పే జాబితాలు) ఉంటాయి. వీటినే బ్లాబులంటారు. ఒక్కోదాని ఫోల్డర్ పేరు దాని ఎస్‌హెచ్‌ఏ256 డైజెస్టే, అంటే లోపలున్న డేటా నుంచి లెక్కగట్టిన వేలిముద్రలాంటి కోడ్. లోపల ఒక్క బైటు మారినా పేరే మారిపోతుంది కాబట్టి, ఒకసారి కాపీ అయిన లేయర్ జోలికి మళ్లీ వెళ్లే పని లేదు. ఆ రోజు కొత్తగా పుష్ అయినవి (రిజిస్ట్రీకి పంపినవి) మాత్రమే రాత్రికి వెళ్తాయి. మొదట్లో వీటిని కంప్రెస్ చేసి చూశా, దండగ పని. లేయర్లు చాలావరకు ముందే జీజిప్‌తో కంప్రెస్ అయి ఉంటాయి. రెండో ఫోల్డర్ రిపాజిటరీస్. ఏ ట్యాగ్ (ఇమేజ్ వెర్షన్‌కి పెట్టుకునే పేరు) ఏ డైజెస్ట్‌దో చెప్పే లింక్ ఫైళ్లు ఇందులో ఉంటాయి. ఒక్కోటి 71 బైట్లే.

నన్ను దెబ్బతీసింది ఈ రెండు ఫోల్డర్ల వరుస. ఆర్‌సింక్ అక్షర క్రమంలో వెళ్తుంది, అంటే బ్లాబ్స్ ముందు, రిపాజిటరీస్ తర్వాత. ఆ మధ్యలో ఎవరైనా పుష్ చేస్తే లింక్ బ్యాకప్‌లోకి వస్తుంది, అది చూపించే బ్లాబ్ మాత్రం రాదు. మొదటి రిస్టోర్‌లో సరిగ్గా కొత్త ట్యాగులే 'మ్యానిఫెస్ట్ అన్‌నోన్' అన్నాయి. అందరికీ కావాల్సినవీ అవే! ఇప్పుడు రెండు కమాండ్లుగా విడగొట్టా. ముందు లింకులు, ఆ తర్వాత బ్లాబులు. పుష్‌లో లేయర్లు ముందు వెళ్లి, ట్యాగ్ చివర్లో పడుతుంది కాబట్టి ఈ వరుసలో లింక్ ఉండి బ్లాబ్ లేకపోవడం జరగదు. గార్బేజ్ కలెక్షన్ (ఏ ఇమేజ్‌కీ చెందని లేయర్లను తుడిచేసే పని) మాత్రం ఈ సమయంలో నడవకూడదు. దాన్ని ఎలాగూ రిజిస్ట్రీని రీడ్ ఓన్లీలో పెట్టే నడపాలి కాబట్టి వేరే రోజుకి మార్చేశా.

అదే రిస్టోర్‌లో ఇంకో తప్పూ నాదే. తొందరలో మామూలు కాపీ కమాండ్ కొట్టా, మధ్యలో డిస్క్ నిండిపోయింది. కొన్ని లేయర్లు సగంలో ఆగిపోయాయి. సరే, బిల్డ్ సర్వర్ నుంచి మళ్లీ పుష్ చేద్దామంటే 'లేయర్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్' అంటుంది. ఆ పేరుతో ఫైలు ఉందా లేదా అన్నదే రిజిస్ట్రీ చూస్తుంది తప్ప, లోపల ఉన్నది సరైనదో కాదో లెక్క కట్టదు. పాడైన ఫైళ్లను చేత్తో తీసేసి, క్యాష్ పోవడానికి రిజిస్ట్రీని రీస్టార్ట్ చేసి, అప్పుడు పుష్ చేస్తే గానీ దారికి రాలేదు. దీని తర్వాతే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నా. ప్రతి బ్లాబ్‌కీ ఎస్‌హెచ్‌ఏ256 లెక్కగట్టి ఫోల్డర్ పేరుతో పోలుస్తుంది. బ్యాకప్ సరిగా ఉందో లేదో బ్యాకప్పే చెప్పేస్తుంది, అసలు సర్వర్ అక్కర్లేదు. ఈ మొత్తం ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇమేజ్‌లు వచ్చాక కూడా లాగిన్ అవ్వలేదు. పాస్‌వర్డ్‌ల ఫైలు, కాన్ఫిగ్ ఫైలు, సురక్షిత కనెక్షన్‌కి వాడే టీఎల్ఎస్ సర్టిఫికెట్, ఇవేవీ డేటా ఫోల్డర్‌లో లేవు, నేనూ విడిగా తీసుకోలేదు. ఇంకా సిగ్గుచేటైన సంగతి, రిస్టోర్ స్క్రిప్ట్ ఉన్న ఇమేజ్‌ని ఆ రిజిస్ట్రీలోనే దాచుకున్నాం. పెట్టెలో తాళంచెవి పడేసి మూత వేసినట్టు.

స్కోపియోతో ఇంకో చోట ఉన్న రిజిస్ట్రీకి కాపీ పంపుతాం. ఇమేజ్‌ని పుల్ చేసి (మన మెషీన్‌కి దించుకుని) పుష్ చేయడం కన్నా ఇది చాలా నయం. పుల్ చేసి పుష్ చేస్తే మన మెషీన్ ఆర్కిటెక్చర్‌ది (ప్రాసెసర్ రకానిది) ఒక్కటే వెళ్లే ప్రమాదముంది, డైజెస్ట్ కూడా మారొచ్చు. స్కోపియోలోనూ 'ఆల్' ఆప్షన్ ఇవ్వకపోతే ఒక్క ప్లాట్‌ఫామ్‌దే కాపీ అవుతుంది. అదీగాక దాని సింక్ ట్యాగులను బట్టే నడుస్తుంది. ట్యాగ్ పోయి డైజెస్ట్‌తో మాత్రమే వాడుతున్న ఇమేజ్‌లు అవతలికి చేరవు. మా దగ్గర అలాంటివి ఉన్నాయి, అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకోలేదు.

హార్బర్ అనే ఇంకో రిజిస్ట్రీ వాడేవాళ్లకు ఫైళ్ల కాపీ ఒక్కటే చాలదు. యూజర్లు, ప్రాజెక్టులు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి, సీక్రెట్ కీ కూడా దాచుకోవాలి.

రెండోసారి డిస్క్ పోయినప్పుడు లింకులు, బ్లాబులు, సర్టిఫికెట్ అన్నీ చేతిలో ఉన్నాయి. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి పుల్స్ నడిచాయి, అందులో ఎక్కువ సమయం చెకింగ్‌కే పోయింది. ఇప్పుడు మిగిలిన తలనొప్పి ఒక్కటే. ధైర్యం చాలక ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ పెట్టలేదు. గార్బేజ్ కలెక్షన్ తీసేసిన లేయర్లన్నీ బ్యాకప్‌లో అలాగే పడి ఉన్నాయి, ఇప్పుడది అసలు రిజిస్ట్రీ కన్నా పెద్దదైంది.